కిటికీలోంచి విసిరిన సంచీ

కాకినాడ,
ఆదివారం, పొద్దున్న.

అక్కయ్యకి,

నీ తమ్ముడు సూర్యం పాదాలకి దణ్ణం పెట్టి రాసేది. బావగారి ఆయాసం ఎలా ఉంది? వానలు పట్టాయంటే ఆయనకి మంచం తప్పదు. మిరియాల కషాయం మానొద్దని నా మాటగా చెప్పు, నీ మాట ఎలాగూ వినరు. నీ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? ఎర్రావు ఈనిందా? పెయ్యదూడా, కోడెదూడా? ఇక్కడ మేం ప్రాణాలతో ఉన్నాం, రెండు పూటలా అన్నం తింటున్నాం. అంతవరకూ క్షేమమే అనుకో.

నువ్వు పంపిన కవరు మొన్న శుక్రవారం అందింది. అందులో తుని బస్టాండు నుంచి వచ్చిన కార్డు కూడా ఉంది. సంచీలో కాయితాల మీద మన ఊరి చిరునామా ఉండటంవల్ల కార్డు పాత ఇంటికి వెళ్లిందనీ, ఇల్లు కొనుక్కున్నవాళ్లు తెచ్చి బావగారి చేతికిచ్చారనీ రాశావు. "కాయితాలన్నీ భద్రంగా ఉన్నాయిట, దేవుడున్నాడు, ఇంక ఆపరేషను ఆలస్యం చెయ్యకండి" అని కూడా రాశావు. ఎంత సంబరంగా రాశావో అక్షరాలు చూస్తేనే తెలిసిపోయింది.

అక్కయ్యా, సంచీ దొరికింది గానీ దానితో పని తీరిపోయింది. నీ మరదలికి రెండో కన్ను కూడా పోయింది. సరిగ్గా రెండు వారాల కిందటి ఆదివారం. ఫోను చెయ్యొచ్చుగా అంటావు. మీ పక్కింటికి చేస్తే, వాళ్లు నిన్ను కేకేసి పిలిస్తే, నువ్వు వాళ్ల వసారాలో నలుగురి ముందూ నిలబడి ఈ మాట వినడం నాకిష్టం లేకపోయింది. అందుకని ఉత్తరం రాద్దామని కూర్చోవడం, లేవడం, ఇలా పద్నాలుగు రోజులు గడిపాను. ఇవాళ రాసేస్తాను. నిన్ను మోసం చేసిన సంగతులు కూడా కొన్ని ఉన్నాయి, అవి కూడా చెప్పేస్తాను.

మేం ఊరొదిలి ఎందుకొచ్చామో నీకు తెలుసు. సత్యవతి మొదటి కన్ను పోయేదాకా మనందరం శుక్లం అనుకున్నాం, ముదిరాక తీయించొచ్చులే అనుకున్నాం. అది నీటికాసులని, కంట్లో ప్రెజరు పెరిగి నరాన్ని తినేస్తుందని కాకినాడ డాక్టరు చెప్పేసరికే ఆ కన్ను చల్లారిపోయింది. రెండోది నిలబడాలంటే పదిహేను రోజులకోసారి ప్రెజరు చూపించుకోవాలి, చుక్కలు తప్పకూడదు, అవసరమైతే ఆపరేషను చేస్తామన్నారు. సరే, ఆసుపత్రి దగ్గర్లో ఉందాం అని ఉన్న ఇల్లు అమ్మి ఇక్కడ ఈ లే అవుట్లో చిన్న ఇల్లు కొన్నాం. చూపించడానికి బ్రోకరు మమ్మల్ని కారులో తీసుకొచ్చాడు. "ఆసుపత్రి ఇరవై నిమిషాలండి, కళ్లు మూసి తెరిచేలోపు ఉంటారండి" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. కారులో కూర్చున్నవాడికి ఏ ఊరైనా పక్కనే. మనకి కారు లేదన్న సంగతి నాకు గుర్తుండాలి, వాడికెందుకు ఉంటుంది?

ఇక్కడ సంగతి చెబుతాను విను. పిఠాపురం రోడ్డు మీంచి మా కాలనీకి మట్టిరోడ్డు మీద రెండు కిలోమీటర్లు లోపలికి రావాలి. సరిహద్దు రాళ్లు పాతిన స్థలాలే ఎక్కువ, కట్టిన ఇళ్లు పది కూడా లేవు. పొద్దున్న ఎనిమిదయ్యేసరికి మగవాళ్లందరూ బళ్లేసుకుని పోతారు, పిల్లలు స్కూలు ఆటోలో పోతారు. తరవాత సాయంత్రం దాకా నేనూ, నీ మరదలూ, కుళాయి చప్పుడూ. నీళ్లు ఉప్పగా ఉంటాయి, పప్పు ఎంతసేపటికీ ఉడకదు. కూరల బండి కూడా రోజు విడిచి రోజు వస్తుంది. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఒళ్లు బాగున్నవాడికి, బండి నడిపేవాడికి ఇది చక్కటి చోటు. మాలాంటి ముసలాళ్లకి మాత్రం ఇది లంక. లంకకైనా పడవ ఉంటుంది.

మన ఊళ్లో అమలాపురం మొదటి బస్సు గుర్తుందా? డ్రైవరు మన గుమ్మం ముందు హారను కొట్టేవాడు. సత్యవతి ఇంకా జడ వేసుకుంటూ ఉంటే "నిదానంగా రండమ్మా, కంగారేం లేదండి" అని ఇంజను ఆపి కూర్చునేవాడు. బస్సులో ఉన్నవాళ్లు కూడా ఏమీ అనేవారు కాదు. రేపు వాళ్ల ఇంటి ముందు కూడా ఆపాలిగా మరి. కాలవ లాకుల దగ్గర నా ఉద్యోగం కూడా అలాగే గడిచింది. లాంచీ కనిపిస్తే తలుపులు తీసేవాణ్ణి, గట్టు మీద ఎవరైనా పరిగెత్తుకొస్తుంటే ఇంకాసేపు ఆపేవాణ్ణి. బండి అన్నాక మనిషి కోసం ఆగుతుందనే భ్రమలోనే డెబ్భై ఏళ్లు బతికేశాను.

ఇక్కడ ఉన్నవల్లా షేరు ఆటోలు. రోడ్డు దగ్గర స్టాండు ఉంది. పదిమంది నిండితేగానీ బండి కదలదు, వరస తప్పితే మళ్లీ గంట ఆగాలి. లోపలికి మా కాలనీ దాకా వచ్చేది నాగరాజు అనే అతను ఒక్కడే. మంచివాడే. ఒకరోజు నేను కోప్పడ్డాను, మమ్మల్ని చూసి కూడా ఆపకుండా వెళ్లిపోయావేమయ్యా అని. అతను తల గోక్కుంటూ అన్నాడు: "తప్పుగా అనుకోకండి బాబాయిగారూ, పిన్నిగారు కాలెత్తి పెట్టుకుని సర్దుకునేలోపు వెనకబండివాడు నలుగుర్ని ఎక్కించేసుకుంటాడండి. మీరు ఖాళీ వేళ చెప్పండి, నేనే వచ్చి తీసుకెళ్తానండి." నిజం చెప్పినవాడి మీద కోపం ఎలా తెచ్చుకోను? ఖాళీ వేళ అంటే మధ్యాహ్నం. మధ్యాహ్నం డాక్టరు ఉండడు.

పక్కింటి ప్రసాదు బ్యాంకులో పని చేస్తాడు, మోటారుసైకిలు ఉంది. అతను తనంతట తానే "రండి పిన్నిగారూ, నేను దింపుతాను" అన్నాడు రెండుమూడు సార్లు. ఒకసారి ఎక్కింది. పక్కకి తిరిగి కూర్చుని, ఒక చెయ్యి అతని భుజం మీద వేయడానికి సిగ్గుపడి, తూము దగ్గర గతుక్కి జారి కింద పడింది. దెబ్బ పెద్దది కాదు, మోచెయ్యి గీరుకుంది. కానీ ఆ తరవాత బండి పేరెత్తితే తను ఒప్పుకోలేదు. నేను కూడా పౌరుషంగా "మాకు ఆటో ఉందిలే బాబూ" అనేశాను. పెద్ద ఆటో ఉన్నవాణ్ణి పాపం! ఇంకోసారి అడిగే దారి లేకుండా నా నోటితో నేనే మూసేశాను.

ఇప్పుడు నిన్ను మోసం చేసిన సంగతి. జ్యేష్ఠంలో ఒకసారి, ఆషాఢంలో వానలకి ఇంకోసారి, మేం ప్రెజరు చూపించుకోవడానికి వెళ్లలేదు. మట్టిరోడ్డు బురదై మడమల దాకా దిగబడేది, ఆటో లోపలికి రానంది. "బాగానే ఉందిగా, వచ్చే వారం వెళ్దాంలెండి" అంది సత్యవతి. నేను సరే అన్నాను. నీకేమో "చెకప్పులు సవ్యంగా జరుగుతున్నాయి, డాక్టరు ధైర్యం చెప్పాడు, ఏం దిగులు పడకు" అని రాశాను. ఒకసారి కాదు, రెండు ఉత్తరాల్లో రాశాను. మూడోసారి వెళ్లేసరికి డాక్టరు మొహం మారిపోయింది. ఇంక చుక్కలతో లాభం లేదు, నెలకోసారి పై ఊరినుంచి వచ్చే పెద్ద సర్జను చేత ఆపరేషను చేయించాలి, ఉన్న చూపైనా నిలబడుతుంది అన్నాడు. శ్రావణంలో ఒక గురువారం పొద్దున్న ఎనిమిదింటికి రమ్మని చీటీ ఇచ్చాడు. రక్తపరీక్షలు, గుండె డాక్టరు ఇచ్చిన కాయితం, పాత చీటీలు అన్నీ తేవాలి, అవి లేకపోతే బల్ల ఎక్కించం అని మరీ చెప్పాడు.

ఆ కాయితాలన్నీ నీలం గుడ్డసంచీలో పెట్టి వారం రోజుల ముందే మేకుకి తగిలించాను. నాగరాజుకి ముందురోజు మళ్లీ చెప్పాను. "ఆరింటికల్లా గుమ్మంలో ఉంటానండి, మీరు మర్చిపోండి" అన్నాడు. ఆరయింది, ఆరున్నరయింది. ప్రసాదు వాళ్లు పెళ్లికి వెళ్లారు, ఇంటికి తాళం. అప్పుడు తట్టింది నాకు, ఆ రోజు మంచి ముహూర్తం అని. శ్రావణమాసం, గురువారం. పెళ్లివారు ముందురోజే స్టాండులో ఉన్న ఆటోలన్నీ మాట్లాడేసుకున్నారు. నాగరాజు బండి కూడా పట్టుకుపోయారు. తరవాత అతను వచ్చి మా అరుగు మీద కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు: "ఒక్క ట్రిప్పేనన్నారండి, ఆరులోపు వదిలేస్తామన్నారండి. నన్ను చెప్పుతో కొట్టినా పడతానండి." ఏం కొట్టను? పంచాంగం రోజూ చూసే మనిషిని, ముహూర్తం ఉందని నాకు తట్టొద్దూ?

నడిచాం అక్కయ్యా. రెండు కిలోమీటర్లు. తను నా మోచెయ్యి పట్టుకుని, గుంట వచ్చినప్పుడల్లా ఆగుతూ. ఎదురెండ కంట్లో పొడిచి నీళ్లు కారుతుంటే నా భుజం మీది తువ్వాలు తీసి తన తల మీద కప్పాను, నుదుటి మీదకి లాగాను. రోడ్డు చేరేసరికి ఏడున్నర దాటింది. రెండు బస్సులు ఆపకుండానే పోయాయి. మూడోది ఆపింది, అదీ మా ముందు కాదు, ఎవరినో దింపడానికి అంత దూరంలో ఆపింది. గబగబా వెళ్లాం. బస్సంతా పెళ్లిజనం, కాలేజీ పిల్లలు. వెనకవైపు కిటికీ పక్కన ఒక్క సీటు ఖాళీగా కనిపించింది నాకు.

మన వైపు ఏం చేస్తాం? తువ్వాలు వేస్తాం. కిటికీలోంచి సీటు మీద తువ్వాలు పడిందంటే ఆ సీటు మనది, దాన్ని ఎవరూ ముట్టుకోరు, ఆ తువ్వాలు వేసిన మనిషి ఎక్కేదాకా కండక్టరు బస్సు కదలనివ్వడు. చిన్నప్పటినుంచీ చేసిన పని. చెయ్యి దానంతట అదే భుజం మీదకి వెళ్లింది. తువ్వాలు లేదు, తన తల మీద ఉంది. తన తల మీది గుడ్డ లాగబుద్ధి కాలేదు. చంకలో సంచీ ఉంది. సంచీ విసిరాను.

"సీటు దొరికిందే, దా!" అని అరిచాను కూడా. ఎంత గొప్పపని చేశానో అని సంతోషం.

గుమ్మం దగ్గరకి వచ్చేసరికి మెట్టు తన మోకాలంత ఎత్తుంది. కనిపించక కాలితో తడుముతోంది. నేను వెనకనుంచి పట్టుకున్నాను. "ఎక్కండమ్మా, ఎక్కండి" అంటున్నాడు కండక్టరు లోపలినుంచి. పిల్లలు మమ్మల్ని ఒరుసుకుంటూ ఎక్కేస్తున్నారు. ఎవరిదో భుజం తగిలి తను వెనక్కి తూలింది, నేను పట్టుకుని రెండడుగులు పక్కకి తీసుకొచ్చాను. మేం మానుకున్నాం అనుకున్నారు కాబోలు, విజిల్ వేశారు. "ఆగండి! సంచీ! మా సంచీ ఉందయ్యా లోపల!" అని బస్సు పక్కన పరిగెత్తాను. ఎంత దూరం పరిగెత్తగలను? నా వెనక తను ఒక్కతీ రోడ్డు మీద నిలబడి "ఏవండీ, ఎక్కడున్నారండీ?" అంటోంది. వెనక్కి వచ్చేశాను.

మన ఊళ్లో అయితే నాలుగు గొంతులు లేచేవి, "అది సూర్యనారాయణగారి సంచీ అండి, ఆపండి" అని. ఇక్కడ ఆ సంచీ ఎవరిదో ఎవరికి తెలుసు? సంచీకి కూడా మనిషి పరపతి ఉండాలని ఆ రోజు తెలిసింది.

ఇంకో బస్సు పట్టుకుని, అక్కణ్ణుంచి రిక్షాలో ఆసుపత్రికి చేరేసరికి పదిన్నర. "కాయితాలేవండీ?" అన్నారు. జరిగింది చెప్పాను. అన్ని పరీక్షలూ మళ్లీ చేయాలన్నారు, ఈలోపు సర్జను గారు మధ్యాహ్నం రైలుకి వెళ్లిపోతారు, వచ్చే నెల చూద్దామన్నారు. తిట్టలేదు, విసుక్కోలేదు. రెండు రకాల చుక్కలు రాసిచ్చారు. మందుల షాపులో ఒకటే ఉంది, రెండోది శనివారానికి తెప్పిస్తామన్నాడు. సంచీ కోసం బస్టాండుకి మూడుసార్లు తిరిగాను. "ఏ ఊరి బస్సండీ? నంబరు చూశారా అండీ?" అంటారు. నేను టౌను బస్సు అనుకున్నాను. అది తుని నుంచి వచ్చిన బస్సని నువ్వు పంపిన ఆ కార్డు చూసేదాకా నాకు తెలియదు. అది తునిలో క్షేమంగా కూర్చుంది, నేను కాకినాడలో వెతుక్కున్నాను.

శనివారం వాన. రెండో మందు తేవడానికి బయల్దేరి తూము దాకా వెళ్లి, నీళ్లు రోడ్డెక్కి పారుతుంటే వెనక్కి వచ్చేశాను. నీళ్లు మోకాలి దాకా కూడా లేవు అక్కయ్యా. పంచె ఎగ్గట్టి దాటేస్తే పోయేది. కాలు జారితే తన గతేమిటనుకున్నాను. సోమవారం వెళ్దాంలే అనుకున్నాను. మళ్లీ సోమవారం ఆటో రాలేదు. అలా ఆ వారమంతా పోయింది. ఒక్క మందుతోనే నెట్టుకొచ్చాం. "నొప్పేం లేదులెండి, మీరు తడవకండి" అనేది తను.

ఆ తరవాతి ఆదివారం పొద్దున్న దేవుడి దగ్గర దీపం వెలిగించి "దీపం చుట్టూ రంగులు కనిపిస్తున్నాయండీ" అంది. "చెమ్మకి అలాగే ఉంటుందిలే" అన్నాను. డాక్టర్ని కదా నేను! పదింటికి తలనొప్పన్నది, కణత నొక్కుకుంటూ పడుకుంది. రెండుసార్లు వాంతి చేసుకుంది. పైత్యం అనుకుని అల్లంరసం ఇచ్చాను. పన్నెండు గంటలవేళ లేచి కూర్చుని "మబ్బు పట్టిందా అండీ?" అంది. పెరట్లోకి చూశాను. ఎండ మండిపోతోంది.

ఆదివారం నాగరాజు లోపలికి రాడు, ఎక్కేవాళ్లుండరు కనక. ప్రసాదు పిల్లల్ని తీసుకుని అత్తారింటికి వెళ్లాడు. నాలుగిళ్ల అవతల ఒకాయన ఇంట్లో ఫోనుంది, టాక్సీ స్టాండుకి చేస్తే మోగుతూనే ఉంది, ఎత్తలేదు. ఆయన బండి తీస్తానన్నాడు గానీ తను కూర్చోలేదు, నిలబడలేదు, వాంతులు. చివరికి కొత్త ఇల్లు కడుతున్న చోట సిమెంటు బస్తాలు దింపుతున్న రిక్షాబండి అతన్ని బతిమాలాను. అతను బస్తాలు వదిలేసి వచ్చాడు. బండి మీద చాప పరిచి, తనని పడుకోబెట్టి, నేను వెనక నడుస్తూ తల పట్టుకున్నాను. పెళ్లైన కొత్తలో మేనా ఎక్కి మనింటికి వచ్చిన మనిషిని సిమెంటు బండి మీద తీసుకెళ్లాను. రోడ్డు మీద ఒక షేరు ఆటోలో ఆడవాళ్లు చూసి, వాళ్లు దిగి మాకు చోటిచ్చారు. పేర్లు కూడా అడగలేదు నేను. ఆసుపత్రి చేరేసరికి మూడు దాటింది.

ఇంజెక్షన్లు ఇచ్చారు, సెలైను పెట్టారు, చేయాల్సిందంతా చేశారు. వాళ్లని అనడానికేం లేదు. మర్నాడు డాక్టరు టార్చిలైటు కంటి దగ్గర పెట్టి "వెలుతురు తెలుస్తోందా అమ్మా?" అన్నాడు. నీ మరదలు చాలా మర్యాదగా అడిగింది, "ఎటు నుంచి వేశారండీ?" అని.

నేను వరండాలోకి వచ్చేశాను. ఆయన కూడా వచ్చాడు. "ఈ నరం మళ్లీ రాదండి" అన్నాడు. పై నెల సర్జను చూసినా రాదా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. ఆ రోజు బల్ల ఎక్కి ఉంటే ఉన్నది నిలబడేదా అని కూడా అడిగాను, అడక్కుండా ఉండలేకపోయాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి ఊరుకున్నాడు. అంతకంటే నిలబడేదని చెప్పేసినా బాగుండేది.

ఇంటికి వచ్చి పన్నెండు రోజులైంది. గుమ్మాలు, గోడలు తడుముకుని గుర్తు పెట్టుకుంటోంది. మొదటిరోజు పొయ్యి దగ్గరికి వెళ్లి చెయ్యి కాల్చుకుంది, అప్పటినుంచీ వంట నేనే. పప్పు ఉడకదు, అన్నం మెత్తబడుతుంది, "బాగుందండీ" అని తినేస్తుంది. ఒక్కమాట నన్ను అనలేదు. తిట్టవే అన్నాను ఒకరోజు, కోపం వచ్చి గట్టిగానే అన్నాను. "మీరు సీటు కోసమే కదండీ వేశారు, నాకోసమే కదా" అంది. ఆ మాటతో నాకు నిద్రే లేకుండా పోయింది.

నువ్వు బయల్దేరి వస్తానంటావని తెలుసు. రాకు. నీ మోకాళ్లతో మా రోడ్డు మీద దిగితే నిన్ను లోపలికి తేవడానికి నా దగ్గర ఏ సాధనమూ లేదు. ఇంకొకరిని ఆ మట్టిరోడ్డు మీద నడిపించలేను. వెనక్కి వచ్చెయ్యమంటావు. మన ఇల్లు అమ్మేశాం. నీ ఇంట్లోనే ఉండమంటావు, నీ సంగతి నాకు తెలీదూ? బావగారే మంచం దిగలేని మనిషి, నువ్వు ఒకర్ని చూస్తావా, ముగ్గుర్ని చూస్తావా? పైగా తనే వద్దంటోంది. అన్నీ చూస్తూ తిరిగిన వీధుల్లో తడుముకుంటూ తిరగలేనంటోంది. ఇక్కడైతే తను ఏమీ సరిగ్గా చూడనే లేదు, కొత్తగా పోగొట్టుకున్నదేం లేదంటోంది.

ఒక్క పని చేసిపెట్టు. బావగారిని పెరట్లో వెదురు సన్నటిది ఒకటి కోయించి, కణుపులు నున్నగా చెక్కించి పంపమను. నా నడుం ఎత్తు చాలు. నాక్కాదు. ఊరమిరపకాయలు కూడా కాసిని పంపు, నోరు చేదుగా ఉందంటోంది. నిడదవోలులో సత్యవతి తమ్ముడికి నేనింకా రాయలేదు, రాయలేను. నువ్వే రెండు ముక్కలు రాయి. తప్పు ఎవరిదని అడిగితే దాచకుండా చెప్పు.

కార్డు సంగతి ఇవాళ పొద్దున్న తనకి చెప్పాను. రెండు రోజులు దాచి, ఇంక దాచలేక చదివి వినిపించాను. సంచీ తునిలో ఉందిట, అన్నీ భద్రంగా ఉన్నాయిట, వెళ్లి తెచ్చుకోమంటున్నారు అన్నాను. దానికి తను అంది: "ఎందుకండీ ఇప్పుడు అంత దూరం? హాయిగా కూర్చోండి. ఇంక మనకి పొద్దున్నే లేచి బస్సు కోసం పరిగెత్తే పని లేదు కదా."

నన్ను ఎత్తిపొడవడానికి అనలేదు అక్కయ్యా. నిజంగానే అంది. అని, గోడకి జారగిలబడి, ఒళ్లు తేలికైనట్టు ఊపిరి వదిలింది. ఏడాదిపాటు ఆ ఆటోలకీ బస్సులకీ ఎంత భయపడిందో నాకు అప్పుడు తెలిసింది. ఆ భయం తీరడానికి కన్ను ఇచ్చుకోవలసి వచ్చింది.

బావగారికి నా నమస్కారాలు. సత్యవతి మీ ఇద్దరికీ దణ్ణాలు చెప్పమంది. తను వంగి నీ కాళ్లకి దణ్ణం పెట్టినప్పుడల్లా దీర్ఘసుమంగళీ భవ అని దీవించేదానివి. పూలూ పసుపూ కుంకుమలతో వెళ్లిపోవాలని ఆడవాళ్లు కోరుకుంటారు, బాగానే ఉంది, మధ్యలో మగాడి ఆయుష్షు లాభం అని నేను నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వడం లేదు. ఆ దీవెన ఈసారి గట్టిగా, దేవుడికి వినపడేలా ఇయ్యి. తనకంటే నేను ముందు పోకూడదు. ఒక్కరోజు ముందైనా పోకూడదు. నేను లేకపోతే తనని చెయ్యి పట్టుకుని ఆ రోడ్డు దాకా తీసుకెళ్లేవాళ్లు ఇక్కడ ఎవరూ లేరు.

నీ తమ్ముడు,
సూర్యం